రోగం, నాలుగో నెంబరు

హన్సాన్,
2017 అక్టోబరు 28

హేరాన్‌కి,

మీ అత్త బునిమ్ రాస్తున్న మొదటి ఉత్తరం. నువ్వు క్షేమమని తలుస్తాను, ఇక్కడ మేమూ క్షేమం. ఇంతవరకూ పంతులమ్మ బోర్డు మీద రాసిచ్చింది. ఇక్కణ్ణించి నాది.

డెబ్బై నాలుగేళ్ళకి అక్షరాలు దిద్దుతున్నానని మీ మామయ్య ఊరంతా చాటుతున్నాడు. సారా బానల పక్కన కూర్చుని ఆయన చదివిన చదువేమిటో నాకు తెలియదా? వృద్ధుల హాల్లో పదకొండుమంది ఆడవాళ్ళం చేరాం. నెలకో ఉత్తరం రాయాలి. జవాబు వస్తేనే మార్కులు. ఫోన్ చేస్తే లెక్కలోకి రాదు. కాబట్టి ఎంత పనిలో ఉన్నా కాగితం మీదే రాయి.

సంగతేమిటంటే, నా కింది ముందుపళ్ళు నాలుగూ ఊగుతూనే ఉన్నాయి. సెప్టెంబరులో నువ్వు మీ ఆస్పత్రికి తీసుకెళ్ళి చిగుళ్ళు కోయించాక నెత్తురు కారడం తగ్గింది, ఊగడం తగ్గలేదు. టౌనులో పళ్ళ డాక్టరు చూసి, "బామ్మగారూ, వీటికి పట్టు లేదు. నాలుగూ తీసేసి కట్టుడుపళ్ళు పెట్టుకోండి. లేకపోతే చీము దవడలోకి దిగుతుంది" అన్నాడు. "కట్టుడుపళ్ళతో మోసి నార చీలుతుందా నాయనా?" అని అడిగాను. నవ్వాడు. మోసి మొక్క నార పంటితో చీల్చి బట్ట నేసే ఈ ఊరివాడు కాదులే.

పద్దెనిమిదేళ్ళప్పుడు కోడలిగా వచ్చి మొదలుపెట్టాను, యాభై ఆరేళ్ళు. మోసి కాడ నించి ఒలిచిన పట్టని కింది పెదవి మీద ఆనించి, కొసని పంటితో పట్టి, తలవెంట్రుకంత సన్నగా చీల్చడం. ఒక పంట్లో గాడి కూడా పడింది. కట్టుడుపళ్ళు నారతో పాటు ఊడి చేతికి వస్తాయి, చూశాను. పళ్ళు పోతే నార పోతుంది. నార పోతే, కలిసి చీల్చే మా ముగ్గురాడవాళ్ళలో నా చోటు పోతుంది. ఇంకెక్కడ కూర్చోవాలో నాకు తెలియదు.

ఇంతకీ ఆ రోజు నా నోట్లోంచి కోసిన ముక్కని సీసాలో వేసుకుని పరుగెత్తావు కదా. "పెంచుతాం అత్తా" అన్నావు. పెరుగుతోందా?

మీ అత్త,
కూ బునిమ్


సియోల్,
2017 నవంబరు 12

అత్తా,

నీ ఉత్తరం చూసి ల్యాబులో అందరూ మూగారు. నీకు మార్కులు పోకూడదని ఇవాళే కూర్చుని రాస్తున్నాను.

పెరుగుతోంది! ముక్కని సన్నగా తరిగి, మందులో నానబెట్టి, గులాబిరంగు రసం పోసిన గిన్నెలో ఉంచాం. అయిదో రోజున చూస్తే అడుగున సన్నగా, పొడుగ్గా కణాలు అంటుకుని ఉన్నాయి. వాటిలో కొన్ని మూలకణాలు. అంటే ఇంకా ఏమవ్వాలో తేల్చుకోనివి. అవసరం పడితే ఎముకా అవుతాయి, చిగుళ్ళ పీచూ అవుతాయి. రోగం పట్టిన చిగుళ్ళలో కూడా ఇవి బతికి ఉంటాయా, ఉంటే పనిచేస్తాయా అన్నదే మేం తేల్చుకోవలసింది.

దానికి మంచి చిగుళ్ళూ కావాలి, పక్కపక్కన పెట్టి చూడటానికి. అవే దొరకవు. బాగున్న చిగుళ్ళని ఎవరు కోయించుకుంటారు చెప్పు? జ్ఞానదంతం తీయించుకోవడానికి వచ్చినవాళ్ళని బతిమాలి రవ్వంత తీసుకుంటున్నాం. సీసాల మీద పేర్లు రాయకూడదు. నీది "రోగం, నాలుగో నెంబరు". అది నీదని నాకు కూడా తెలియకూడదు గానీ, ఆ రోజు వచ్చింది ఆ ఒక్క ముక్కే.

మూడు రోజులకోసారి రసం మార్చాలి. ఆదివారమని వాటికి తెలియదు. నాకు ముప్ఫై తొమ్మిది నిండాయి, ఇంకా ఏడాదికోసారి ఉద్యోగం పొడిగించమని ప్రొఫెసర్ గుమ్మం దగ్గర నిలబడుతున్నాను. అలసిపోయాను అత్తా. పొద్దున్నే వెళ్ళి గిన్నెలో నీవి కనిపిస్తే మాత్రం కాస్త ఓపిక వస్తుంది.

నీ హేరాన్


హన్సాన్,
2017 నవంబరు 29

హేరాన్‌కి,

చలికాలానికి క్యాబేజీ కిమ్చీలు ఊరబెట్టడం నిన్నటితో అయింది. నడుము ఉందో లేదో తడుముకుని చూసుకుంటున్నాను.

నీ ఉత్తరానికి మంచి మార్కులు వచ్చాయి. కానీ "రోగం" అని ఎందుకు రాశారమ్మా? ఇంకో మాటే దొరకలేదా? నీ ఉత్తరం మా నార జట్టు ఇద్దరికీ చదివి వినిపిస్తూ ఆ మాట దగ్గర దగ్గి ఊరుకున్నాను. హోంగ్సాన్ వదిన వదుల్తుందా? "ఏదీ, దగ్గు దగ్గర ఏముందో మళ్ళీ చదువు" అంది. బీయిన్ పిల్ల (అరవై ఎనిమిదేళ్ళొచ్చినా మాకు పిల్లే) పడీ పడీ నవ్వి, "అక్కా, నీ చిగుళ్ళు సియోల్‌లో చదువుకుంటున్నాయా! మా మనవడికే అక్కడ సీటు రాలేదు గదే!" అంది.

తర్వాత వదిన నెమ్మదిగా అంది: "ఇందులో తెలియనిదేముంది? ఇది ముక్క ఇచ్చింది, వాళ్ళు పెంచి తిరిగిస్తారు. బదులు పనే గదా."

నువ్వు చిన్నప్పటినించీ చూసిందే. ఇవాళ ముగ్గురం వదిన ఇంట్లో కూర్చుని ఆవిడ మోపు చీలుస్తాం, రేపు బీయిన్ పిల్లది, ఎల్లుండి నాది. ఎవరి వంతు వాళ్ళకి తిరిగొస్తుంది. పళ్ళు ఊగడం మొదలయ్యాక నేను చీల్చలేకపోతున్నాను. మోకాలి మీద పోగులు పేనుతూ కూర్చుంటున్నాను. నా మోపులు కూడా వాళ్ళే చీలుస్తున్నారు. "నీ చిగుళ్ళు నీకొచ్చాక మా వంతు తీరుద్దువుగానిలే" అన్నారు. వదిన పెదవి పగిలింది. నా మోపు కూడా చీల్చబట్టే కదా.

అందుకని అడుగుతున్నాను, తొందరపెట్టడం కాదు. ఎప్పటికవుతుంది? వాళ్ళకి ఒక మాట చెప్పాలి.

అత్త


సియోల్,
2017 డిసెంబరు 26

అత్తా,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకో. ఇక్కడ ఒక ఘోరం జరిగింది. మంచి చిగుళ్ళ గిన్నెలకి బూజు పట్టింది. ఆరుగురి దగ్గర అడుక్కుని తెచ్చినవి, మూడు రోజుల్లో మొత్తం పోయాయి. బూజెక్కడిదని ప్రొఫెసర్ అందరి ముందూ నా చేతికేసి చూశాడు. మెట్ల మీద కూర్చుని ఏడ్చి, మొహం కడుక్కుని మళ్ళీ మొదలుపెట్టాను.

నీవి నిక్షేపంగా ఉన్నాయి. కొత్తగా తెచ్చిన మంచివి గిన్నె నిండడానికి పన్నెండు రోజులు తీసుకుంటుంటే, నీవి ఎనిమిది రోజులకే నిండిపోతున్నాయి. రోగం చూసినవి కదా, నిలవాలన్న ఆత్రం ఎక్కువేమో. మా వాళ్ళు నాలుగో నెంబరుని "బామ్మ" అంటున్నారు.

ఎప్పటికని అడిగావు. మార్చి ఆఖరుకల్లా తేలిపోతుంది. ఏప్రిల్లో సభ ఉంది, ప్రొఫెసర్ అక్కడ చెప్పాలి. ఇప్పుడు నీవాటి మీదే అంతా ఆధారపడి ఉంది. నువ్వు లేకపోతే నాకీ పని లేదు అత్తా, నిజం.

హేరాన్


హన్సాన్,
2018 జనవరి 20

మా అమ్మడికి,

మార్చి ఆఖరు! వదినతో చెప్పాను, బీయిన్ పిల్లతో చెప్పాను, పంతులమ్మతో కూడా చెప్పాను. వదిన మామూలుగానే, "ఇల్లు అలకగానే పండగ కాదే" అంది. అననీ. దాని నోరు అంతే, చేయి మంచిది.

పళ్ళు తీయించుకోవడానికి పద్నాలుగో తారీకు ఇచ్చారు. నేను వెళ్ళి రద్దు చేసుకొచ్చాను. "నా సొంతవి సియోల్‌లో పెరుగుతున్నాయి, మా మేనకోడలు పెంచుతోంది, మార్చిలో వస్తాయి" అని కౌంటరు దగ్గర అమ్మాయికి చెప్పాను. అది నా మొహంలోకి చూసి పుస్తకంలో నా పేరు కొట్టేసింది. కుళ్ళుకుందేమో.

మొన్న ఎడమ దవడ వాచింది. మూడు రోజులు జ్వరం. మీ మామయ్య, "తీయించుకోవే మొండిదానా, పళ్ళు పట్టుకుని పైకి పోతావా?" అని ఒకటే గోల. కాస్త చీము పోయాక తగ్గింది. జావ తాగుతున్నాను. కిమ్చీ నమిలి ఎన్నాళ్ళయిందో. ఇంకో రెండు నెలలు ఎలాగో ఆపుకుంటాను. పాత పళ్ళు ఉంటేనే కదా కొత్త చిగుళ్ళు వాటిని పట్టుకునేది? తీయించేశాక వస్తే ఏం లాభం?

నువ్వు మాత్రం వేళకి తిను.

అత్త


సియోల్,
2018 ఫిబ్రవరి 11

అత్తా,

ఈ నెలంతా ఎలకలతోనే. నీ కణాలని, మంచి కణాలని వేరువేరుగా ఎలకల చర్మం కింద పెట్టి చూస్తున్నాం.

వేగంగా పెరిగాయని సంబరపడ్డాను గానీ, ఎముకగా మారమంటే మాత్రం మొరాయిస్తున్నాయి. మంచివి నెమ్మదిగా వచ్చినా, చెప్పిన పని చేస్తున్నాయి. నీవి పీచుగా గట్టిపడుతున్నాయి, మానిన పుండు మీద మచ్చ కట్టినట్టు. ఎన్నేళ్ళు వాపులో బతికాయో, అదే అలవాటైపోయింది వాటికి. నాకు నీరసం వచ్చింది. ప్రొఫెసర్ మాత్రం సంతోషించాడు. "తేడా కనిపించింది, మనకి కావలసింది అదే" అన్నాడు.

నీ ఉత్తరంలో ఒక విషయం గురించి రాయాలనుకున్నాను. తీరిగ్గా రాస్తాను. ఇప్పుడు గిన్నెలు మార్చే వేళయింది.

హేరాన్


హన్సాన్,
2018 మార్చి 11

హేరాన్‌కి,

ఏ రోజు రమ్మంటావో చెప్పు. పంతులమ్మ సెలవిచ్చింది. మీ మామయ్య బస్సులో తోడొస్తానన్నాడు. రాత్రి ఉండాలా, సాయంత్రానికి తిరిగొచ్చేయొచ్చా? పెట్టేటప్పుడు నొప్పి ఉంటుందా? ఉన్నా ఫరవాలేదులే.

ఒక పన్ను పోయిన వారం జావలో ఊడిపోయింది. గాడి ఉన్నదే. మిగిలినవి మూడు. ఆ ఖాళీలోకి కూడా సరిపోయేన్ని పెరిగాయా?

ఎముకగా మారమంటే మొరాయిస్తున్నాయన్నావు. నా పోలిక. కసిరితే వినవు, కాస్త బతిమాలి చూడు.

ఇంకొకటి అడగనా? హోంగ్సాన్ వదిన చిగుళ్ళు కూడా నెత్తురు కారుతున్నాయి. ఎనిమిది రోజులకే గిన్నె నిండుతుంటే మిగులుతాయిగా, కొంచెం దానికీ పెట్టమంటావా? అది తనంతట అడగదు. అడిగితే మర్యాద పోతుందట.

ఏప్రిల్ మొదటి వారం నించి కూర్చుంటానని ఇద్దరికీ మాటిచ్చాను. ముందు వాళ్ళ మోపులే. చలికాలమంతా నావి చీల్చారు. నా చేతులు ఆగడం లేదు.

అత్త


సియోల్,
2018 మార్చి 30

అత్తా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపేశాను.

నిన్ను ఇక్కడికి పిలవను. నీ నోట్లో పెట్టడానికి ఏమీ లేదు. ఎప్పుడూ లేదు. నీ ముక్కని పెంచింది చూసి తెలుసుకోవడానికి, నీకు తిరిగివ్వడానికి కాదు. అలా మనిషి నోట్లో పెట్టాలంటే ఇంకా ఏళ్ళు కావాలి, బోలెడు పరీక్షలు, అనుమతులు కావాలి. అది కూడా మంచి చిగుళ్ళతోనేమో, నీవాటితో కాదు. నీవి ఎముక కట్టవు. మీ వదినకీ పెట్టడానికి ఏమీ లేదు. ఆస్పత్రిలో నీకు చదివి వినిపించిన కాగితంలో ఇదంతా ఉంది. నేనే గబగబా చదివాను. నువ్వు నా చేయి పట్టుకుని "నీకు కావలిస్తే తీసుకో" అన్నావు. అంతటితో అర్థమైందనుకున్నాను.

దీనికంటే పెద్ద తప్పు ఇంకోటి ఉంది. నవంబరులో రాసిన ఆ బదులు మాట వేళాకోళమనుకున్నాను గానీ, నువ్వు ఏమనుకుంటున్నావో జనవరిలోనే నాకు తెలిసింది. పళ్ళు తీయించుకోవడం మానేశానని రాశావు చూడు, అప్పుడు. వెంటనే చెప్పాల్సింది. చెబితే కోపమొచ్చి వెనక్కి ఇచ్చేయమంటావేమోనని భయపడ్డాను. ఆ కాగితంలో అది కూడా ఉంది: ఇచ్చినవాళ్ళు ఎప్పుడైనా సరే వద్దంటే అన్నీ పారేయాలి, లెక్కలోంచి తీసేయాలి. నీవి తీసేస్తే నా రెండేళ్ళ పని కూలిపోతుంది. ఉద్యోగమూ పొడిగించరు. అందుకని నోరు మూసుకుని కూర్చున్నాను. నీ జ్వరం సంగతి చదివి కూడా.

డాక్టరు చెప్పినట్టు వెంటనే తీయించుకో. పారేయమంటావో ఉంచమంటావో నువ్వే చెప్పు. ఏది చెబితే అది చేస్తాను.

హేరాన్


హన్సాన్,
2018 ఏప్రిల్ 7

ఉత్తరం అందింది. పంతులమ్మ చదివిపెడతానంది, వద్దన్నాను. నేనే చదువుకున్నాను. రెండు రోజులు పట్టింది.

జనవరిలోనే తెలుసన్నావు. బుద్ధెరిగాక నాకింత కోపం ఎప్పుడూ రాలేదు.

ఉంచడమా, పారేయడమా అని ఇప్పుడు నన్నడగకు. ముందు ఆ ఇద్దరి ఇళ్ళకీ వెళ్ళి చెప్పుకోవాలి. కాళ్ళు రావడం లేదు.


సియోల్,
2018 ఏప్రిల్ 22

అత్తా,

ఫోన్ చేస్తే మామయ్య ఎత్తి, "పడుకుంది" అని పెట్టేస్తున్నాడు. అందుకే మళ్ళీ కాగితం.

ప్రొఫెసర్‌కి జరిగింది జరిగినట్టు చెప్పాను. అరిచాడు. నీ మాట వచ్చేదాకా నాలుగో నెంబరుని ఎవరూ ముట్టుకోకూడదని రాయించాను. సభలో వాటి గురించి చెప్పలేదు. పదకొండు సీసాలు, అన్నీ చలిపెట్టెలో ఒకే పళ్ళెంలో పెట్టాను, భద్రంగా ఉన్నాయి. రోజూ ఒకసారి చూసి వస్తున్నాను.

నీ మాట కోసం ఎదురుచూస్తున్నాను.

హేరాన్


హన్సాన్,
2018 మే 6

హేరాన్‌కి,

మంగళవారం మిగిలిన మూడూ తీయించేశాను. మీ మామయ్య చేయి పట్టుకున్నాడు. చీము దవడ దాకా దిగిందట, ఇంకో నెల ఆగితే పెద్దాస్పత్రేనన్నాడు డాక్టరు. ఈసారి నవ్వలేదు. మంచి కుర్రాడే.

ఆ రెండిళ్ళకీ వెళ్ళడానికి పన్నెండు రోజులు పట్టింది. ముందు వదినింటికి వెళ్ళాను. గుమ్మంలో నిలబడే చెప్పేశాను: "నా చిగుళ్ళు రావు వదినా. నీ వంతు నేను చీల్చలేను. ఇక ఎప్పటికీ చీల్చలేను." పండగ కాదన్నానా అంటుందనుకున్నాను. అనలేదు. "లోపలికి రావే, గాలి కొడుతోంది" అంది. బీయిన్ పిల్ల మాత్రం చిన్నపిల్లలా ఏడ్చింది. దానికి కూడా చిగుళ్ళు తెప్పించమని అడగాలనుకుందట.

ఇప్పుడు వాళ్ళు చీలుస్తున్నారు, నేను పేనుతున్నాను. వాళ్ళు పొద్దుటికి చీల్చేది పేనడానికి నాకు రాత్రవుతుంది, మోకాలి చర్మం లేచిపోతోంది. నా చోటు పోలేదు గానీ, ఆ చోటులో ఇదివరకటి మనిషి లేదు. నాకు దిగులుగా ఉంది. నీకు బాధేస్తుందని దాచను. నన్ను ఓదార్చాలని నువ్వేమీ రాయనక్కర్లేదు.

ఇక సీసాల సంగతి. పారేయమనే రాద్దామని కాగితం తీశాను. వదినతో అంటే, "పారేస్తే నీ పళ్ళు మొలుస్తాయా?" అంది. బీయిన్ పిల్ల, "పారేయించక్కా, బుద్ధొస్తుంది" అంది. ఇద్దరి మాటా నిజమే. మూడు రోజులు ఆలోచించాను.

మాలో ఇంకో పద్ధతి ఉంది. ఒకరింట్లో చావో జబ్బో వస్తే, మిగతావాళ్ళు వెళ్ళి వాళ్ళ మోపు చీల్చి లేచి వచ్చేస్తారు. దానికి బదులు లేదు. ఎవరూ అడగరు, ఎవరూ గుర్తు చెయ్యరు. నా ముక్కని అలా ఇచ్చాననుకుంటాను. ఆ రోజు అలా ఇవ్వలేదు, ఇవాళ ఇస్తున్నాను. ఉంచుకో. వచ్చే సభలో చెప్పుకో. రోగం అనే చెప్పు, మరేం ఫరవాలేదు. ఎప్పటికో ఎవరి నోటికో పనికొస్తే రానీ.

ఒక్కటి మాత్రం ఉంది. నిన్న నీ అయిదు ఉత్తరాలూ ముందేసుకుని మళ్ళీ చదివాను. ఇప్పుడు తడుముకోకుండా చదవగలను. అవి అంటుకున్నాయని ఉంది, నిండాయని ఉంది, మొరాయించాయని ఉంది, చలిపెట్టెలో భద్రంగా ఉన్నాయని ఉంది. ఒకదాంట్లో డాక్టరు దగ్గరికి పొమ్మని కూడా ఉంది. ఎలా ఉన్నావత్తా అని మాత్రం ఎక్కడా లేదు. వెనక్కీ ముందుకీ తిప్పి వెతికాను, లేదు.

ఈసారి రాసేటప్పుడు వాటి ఊసెత్తకు. నేనేం తింటున్నానో అడుగు.

అత్త